తొమ్మిదో తరగతి లెక్కల ట్యూషన్‌కి నెలకి 8,000 అడుగుతున్నారు, న్యాయమేనా?

మియాపూర్_అమ్మ
19 జులై 2025, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

మా పాప తొమ్మిదో తరగతి, సీబీఎస్‌ఈ. ఎనిమిది దాకా లెక్కల్లో 70, 75 తెచ్చుకునేది. మొన్న పీరియాడిక్ టెస్టులో 40కి 11. పేపరు దాచేసింది. బ్యాగు ఉతుకుదామని తీస్తే అడుగున మడతపెట్టి దొరికింది. నేను అరిచాను, వాళ్ళ నాన్న అరిచారు, ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. తెల్లారగానే ట్యూషన్ వేట మొదలుపెట్టాం.

గేటు దగ్గర కాగితం అంటించిన ఒక హోమ్ ట్యూషన్ బ్యూరోకి ఫోన్ చేశాను. సారు ఇంటికొచ్చి వారానికి మూడు రోజులు గంట చొప్పున చెబుతారట, లెక్కలు ఒక్కటే నెలకి 8,000. రెండు నెలలది ముందే కట్టాలట. పక్క బ్లాకులో ఒక మేడమ్ తన ఫ్లాట్‌లోనే పదిమందిని కూర్చోబెట్టుకుని లెక్కలూ సైన్సూ కలిపి 2,500 తీసుకుంటున్నారు. ఆన్‌లైన్‌లో ఒకరు గంటకి 350 అన్నారు. ఇందులో ఏది సరైన రేటో తేలడం లేదు. స్కూలుకి లక్షా ఇరవై వేలు కట్టాక మళ్ళీ లెక్కలకి ఏడాదికి 96 వేలా అని మా ఆయన లెక్క తీశారు. మీరంతా ఎంత కడుతున్నారో కాస్త చెప్పరూ?

రెండు_జీతాలు
19 జులై 2025, రాత్రి 11:05

మాది నిజాంపేట అండి. బాబు తొమ్మిదే. ఇంటికొచ్చి చెప్పే సారుకి 6,500, వారానికి మూడు రోజులు, గంటంబావు. మొదట 9 వేలు అన్నారు, బేరం ఆడితే దిగారు. కూరగాయల దగ్గర ఆడతాం కానీ చదువు దగ్గర బేరమాడటానికి మొహమాటపడతాం. ఆడండి, ఏమీ అనుకోరు.

రెండు నెలలు అడ్వాన్సు మాత్రం వద్దు. మాకు మొదట వచ్చినతను మూడో వారానికే ఉద్యోగం వచ్చిందని మానేశాడు. బ్యూరో వాళ్ళు "ఇంకో సారుని పంపిస్తాం" అంటారే గానీ డబ్బు వెనక్కి ఇవ్వరు.

బెజవాడ_బుల్లోడు
20 జులై 2025, ఉదయం 7:15

లెక్కలొక్కటే 8 వేలా! మా పటమటలో అన్ని సబ్జెక్టులూ కలిపి 1,500, రోజూ రెండు గంటలు. ఆదివారం పరీక్ష పెట్టి మరీ పంపిస్తారు. హైదరాబాదోళ్ళు డబ్బులు ఎక్కువై కొట్టుకుపోతున్నారు.

హోమ్‌ట్యూటర్_నాగోల్
20 జులై 2025, మధ్యాహ్నం 1:30

పైన అన్నగారి మాటకి కాస్త గుచ్చుకుంది కాబట్టి ఈ పక్కనుంచి రాస్తున్నాను. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి ఏడేళ్ళుగా ఇంటింటికీ వెళ్ళి చెబుతున్నాను.

పిల్లలు ఖాళీగా దొరికేది సాయంత్రం 5 నుంచి 9 వరకే. ఆ నాలుగు గంటల్లో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ట్రాఫిక్‌లో వెళ్ళాలంటే రోజుకి మూడు ఇళ్ళు మించవు. రోజు విడిచి రోజు కాబట్టి వారం మొత్తం మీద ఆరు ఇళ్ళు. ఇంటికి 6 వేలు వేసుకున్నా 36 వేలు. అందులోంచి లీటరు 107 దాటిన పెట్రోలు, బండి సర్వీసు. పరీక్షలు అయిపోగానే ఏప్రిల్, మే నెలల్లో సగం ఇళ్ళు "జూన్‌లో ఫోన్ చేస్తాం సార్" అంటాయి. జూన్‌లో ఎంతమంది చేస్తారో నాకు తెలుసు.

మీరు బ్యూరోకి కట్టే 8 వేలు మా చేతికి వస్తాయనుకుంటారు. మొదటి నెల ఫీజులో సగం వాళ్ళకి పోతుంది. నేను పనిచేసిన ఒక బ్యూరో ప్రతి నెలా 25 శాతం పట్టుకునేది, అంటే నాకు వచ్చేది 6 వేలు. అందుకే మంచి మాస్టార్లు రెండో ఏడాదికల్లా బ్యూరో వదిలేసి నోటిమాట మీద నడుస్తారు. మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగితే అదే మనిషి 6 వేలకే దొరకొచ్చు.

ఇంకో మాట మేడమ్. నెలకి ఎంత అని అడగకండి, క్లాసుకి ఎంత అని అడగండి. 8 వేలని 12 క్లాసులతో భాగిస్తే 667. దసరా నెలలో ఆరే క్లాసులు జరిగితే అప్పుడు ఎంత కడతారు? ఈ సంగతి ముందే తేల్చుకోకపోతే నెలాఖరున మీకూ సారుకీ మొహాలు మాడతాయి. పిల్లలకి జ్వరం వస్తే క్లాసు ఎవరి ఖాతాలో పోతుందో కూడా అప్పుడే మాట్లాడుకోండి.

బెజవాడ_బుల్లోడు
20 జులై 2025, మధ్యాహ్నం 2:02

సారీ మాస్టారూ, మిమ్మల్ని అనలేదు. మా ఊళ్ళో కూడా ఇంటికి రమ్మంటే మూడు, నాలుగు వేలు అడుగుతారు. నేను చెప్పింది గుంపులో గోవిందా ట్యూషన్.

కందిపొడి
20 జులై 2025, మధ్యాహ్నం 3:48

ఆ గుంపు ట్యూషన్ లెక్క కూడా ఒకసారి వేద్దాం. పక్క బ్లాకు మేడమ్ దగ్గర పదిమంది, గంటన్నర అనుకోండి. 90 నిమిషాలని పదిమందికి పంచితే ఒక్కొక్కరికి 9 నిమిషాలు, అదీ మేడమ్ ఫోన్ ఎత్తకపోతే. రోజూ హోంవర్కు చేయించే మనిషి కావాలంటే 2,500కి అది బంగారం. పిల్లకి ఎక్కడో ఏదో అర్థం కాలేదు, అది పట్టుకోవాలి అంటే మాత్రం 9 నిమిషాల్లో అయ్యే పని కాదు.

మా పెద్దాడిని మూడేళ్ళు అలాంటి చోటికే పంపాను. నోట్సు ముత్యాల్లా ఉండేవి. అన్నీ బోర్డు మీద చూసి దింపినవే.

ఈఎంఐ_బాధితుడు
20 జులై 2025, రాత్రి 9:20

పేరు చూసి నవ్వకండి, నా కథ అంతే. రెండేళ్ళ కింద ఒక ఆన్‌లైన్ క్లాసుల కంపెనీవాళ్ళు ఇంటికొచ్చారు. పేరు చెప్పను. టై కట్టుకున్న కుర్రాడు మా బాబుని ముందు కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగి, వాడు తడబడగానే నా వైపు జాలిగా చూశాడు. ఆ చూపుకే 62 వేలు పడిపోయాను. ఏడాది కోర్సు, ట్యాబ్ ఉచితం, నెలకి కొంచెం కొంచెం కడితే చాలన్నాడు. తీరా చూస్తే అది ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర నా పేరు మీద తీసిన అప్పు. బాబు రెండు నెలలు చూసి మానేశాడు, నేను మాత్రం పదకొండో కిస్తీ దాకా కట్టాను. ఆపితే సిబిల్ స్కోరు పోతుందని భయం.

2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. పిల్లవాడు మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి 10 రోజుల్లో డబ్బు వెనక్కి ఇవ్వాలని అందులో ఉంది. 16 ఏళ్ళలోపు పిల్లల్ని చేర్చుకోకూడదని కూడా ఉంది. మా వీధిలో "ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్" అని బోర్డు ఉంది, రాత్రిళ్ళు లైటు కూడా వేస్తారు. కాబట్టి కాగితం మీద ఉన్నదాన్ని నమ్ముకోకుండా ఏ నెలకా నెల కట్టే చోటే చేరండి. ఏడాదిది ఒకేసారి కడితే 30 శాతం తగ్గింపు అన్నవాడి గుమ్మం తొక్కకండి.

వరంగల్_కోడలు
20 జులై 2025, రాత్రి 10:11

అక్కా, స్కూల్లో చెప్పే లెక్కల సారునే ట్యూషన్ అడగొచ్చు కదా? సిలబస్ తెలుసు, పేపరు కూడా ఆయనే సెట్ చేస్తారు. మా మరిది పిల్లలు అట్లనే పోతున్నరు, నెలకి 3 వేలు.

రెండు_జీతాలు
20 జులై 2025, రాత్రి 10:30

పేపరు ఆయనే సెట్ చేస్తారు కాబట్టే వద్దు. మార్కులు వస్తాయి, లెక్కలు రావు. మా చెల్లెలి కూతురికి అలాగే జరిగింది. పరీక్షకి ముందురోజు ట్యూషన్‌లో చేయించిన లెక్కలే పేపర్లో వచ్చేవి. పదో తరగతి బోర్డు పరీక్షలో బండారం బయటపడింది.

చట్టం కూడా ఒప్పుకోదు. విద్యాహక్కు చట్టం, 2009లో 28వ సెక్షన్ చదవండి, టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని ఒకే ఒక్క వాక్యంలో ఉంటుంది.

హోమ్‌ట్యూటర్_నాగోల్
20 జులై 2025, రాత్రి 10:52

చట్టం సంగతి నిజమే. కానీ మీరు లక్షా ఇరవై కడుతున్న స్కూల్లో లెక్కల టీచర్ జీతం ఎంతో ఎప్పుడైనా అడిగారా? నేను ఒక ప్రైవేటు స్కూల్లో చేసి వదిలేసిన రోజుకి నా జీతం 19 వేలు, ఎండాకాలం రెండు నెలలు సగమే. సాయంత్రం ట్యూషన్ చెప్పొద్దు అనడం తేలిక.

రెండు_జీతాలు
20 జులై 2025, రాత్రి 11:00

అది ఆ యాజమాన్యాన్ని అడగాలి సార్, మమ్మల్ని కాదు. మేం రెండు చోట్లా కడుతూనే ఉన్నాం.

ఫ్రిస్కో_నాన్న
21 జులై 2025, ఉదయం 8:40

టెక్సాస్ నుంచి. మా వాడు ఏడో గ్రేడు. ఇక్కడ ఏ మాల్ పక్కన చూసినా కుమాన్, మ్యాథ్నేజియం, రష్యన్ స్కూల్ ఆఫ్ మ్యాథ్ బోర్డులే, లోపల సగం మంది మన పిల్లలే. ఇంటికొచ్చి చెప్పే అమెరికన్ టీచర్ గంటకి 60 డాలర్లు అడిగింది. చివరికి హైదరాబాద్‌లో ఉన్న ఒక మేడమ్‌ని పెట్టుకున్నాం, గంటకి 15 డాలర్లు. శనివారం మాకు ఉదయం తొమ్మిది, ఆవిడకి రాత్రి ఏడున్నర. మధ్యమధ్యలో తెలుగులో రెండు చీవాట్లు కూడా పడతాయి, అది బోనస్.

కందిపొడి
21 జులై 2025, ఉదయం 9:05

15 డాలర్లంటే దగ్గర దగ్గర 1,300 రూపాయలు. మా మేడమ్ సాయంత్రం స్లాట్లు ఎందుకు ఖాళీ లేవో ఇప్పుడు తెలిసింది. మీవల్లే అన్నమాట!

ఫ్రిస్కో_నాన్న
21 జులై 2025, ఉదయం 9:12

ఆవిడకి నాలుగు డబ్బులు వస్తున్నాయని సంతోషించండి అండి :)

లెక్కల_మాస్టారు
21 జులై 2025, సాయంత్రం 6:25

నేను తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలులో 31 ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైర్ అయ్యాను. ఇప్పుడు మనవరాలికి తప్ప ఎవరికీ చెప్పడం లేదు, కాబట్టి నా మాటలో వ్యాపారం లేదు.

అమ్మా, 8 వేలా 2 వేలా అన్నది తర్వాత. ముందు పాపకి ఏది రాదో మీకు తెలుసా? "తొమ్మిదో తరగతి లెక్కలు రావు" అంటే అది సమాధానం కాదు. తొమ్మిదిలో తప్పినవాళ్ళలో చాలామందికి తెగింది తొమ్మిదిలో కాదు. బహుపదులు (పాలినామియల్స్) రావనుకుని బహుపదులే చెప్పించుకుంటారు, అక్కడ మాస్టారు ఎంత మంచివాడైనా గోడకి చెప్పినట్టే ఉంటుంది.

ఈ పది లెక్కలు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. పరీక్ష అనకండి. టైము పెట్టకండి. మీరు పక్కన కూర్చోకండి.

3/4 + 2/3
−7 − 5
(−3) × (−4)
12 − 3 × 2
0.3 × 0.2
2/3 ÷ 4
240లో 15 శాతం
3ఎక్స్ − 7 = 11 అయితే ఎక్స్ ఎంత?
5 − (2ఎక్స్ − 3)ని సూక్ష్మీకరించాలి
(ఏ + బీ) హోల్ స్క్వేర్ విస్తరించాలి

ఇందులో తొమ్మిదో తరగతిది ఒక్కటీ లేదు. అన్నీ ఎనిమిదిలోపువే. ఏం రాసిందో తప్పులతో సహా ఇక్కడ పెట్టండి. నాకు ఒప్పులకన్నా తప్పులే కావాలి.

ఈఎంఐ_బాధితుడు
21 జులై 2025, రాత్రి 8:00

మాస్టారూ, ఆ పదీ నేనే చేసి చూశాను. రెండు తప్పాయి. నేను ఇంజినీరింగ్ చదివిన మనిషిని, ఇది మా ఆవిడకి తెలియకూడదు.

బెజవాడ_బుల్లోడు
21 జులై 2025, రాత్రి 8:17

0.3 × 0.2 = 0.6 వేశారా? నేనూ అదే వేశాను.

మియాపూర్_అమ్మ
22 జులై 2025, రాత్రి 9:50

మాస్టారూ, చేయించాను. నాలుగు ఒప్పు, ఆరు తప్పు. మీరు అడిగినట్టు తప్పులు ఇవిగో.

మొదటిది 5/7 అని వేసింది. మైనస్ 7 మైనస్ 5కి 12 వేసింది, ఎందుకే అంటే "మైనస్ మైనస్ ప్లస్ కదమ్మా" అంది. 12 మైనస్ 3 ఇంటూ 2కి 18. 0.3 ఇంటూ 0.2కి 0.6. 2/3 బై 4కి 8/3. ఇక ఆ బ్రాకెట్ లెక్కకి 2 − 2ఎక్స్ అని రాసింది. (ఏ + బీ) హోల్ స్క్వేర్ మాత్రం టకటకా రాసేసింది. శాతం లెక్క, 3ఎక్స్ లెక్క, మైనస్ 3 ఇంటూ మైనస్ 4 కూడా ఒప్పే.

నాకు నోట మాట రాలేదు. ఏడాదికి లక్షా ఇరవై వేలు కడుతున్నాం, 3/4 + 2/3 రాదు.

లెక్కల_మాస్టారు
22 జులై 2025, రాత్రి 10:35

రానివ్వకండి, మాట. పాప ముందు అసలే రానివ్వకండి.

ఆరు తప్పులుగా చూడకండి, నిజానికి మూడే. భిన్నాలు ఒకటి, మైనస్ గుర్తు ఒకటి, దశాంశాలు ఒకటి. 12 − 3 × 2 లెక్క ఏ పని ముందు చేయాలన్న నియమం, అది ఒక సాయంత్రం పని. "మైనస్ మైనస్ ప్లస్" గుణకారానికి నేర్చుకుని కూడికలో వాడేసింది. ఎవరో తొందరలో పాటలా నేర్పించారు, పాట గుర్తుంది, ఎక్కడ పాడాలో తెలియదు. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులన్నీ మారాలని తెలియకపోవడం కూడా అదే జబ్బు. ఇక (ఏ + బీ) హోల్ స్క్వేర్ టకటకా రాసిందన్నారే, అది కంఠస్థం. ఏ స్థానంలో మైనస్ మూడో, రెండున్నరో ఇచ్చి చూడండి, ఆగిపోతుంది.

ఇంకో సంగతి. ఈ ఏడాది తొమ్మిదిలో ఉన్న పిల్లలు 2020–21లో నాలుగో తరగతి. ఆ ఏడాదంతా ఫోనులోనే చదివారు. తెలంగాణలో చిన్న తరగతులు మళ్ళీ తెరుచుకున్నది 2021 సెప్టెంబరులో. భిన్నాలు మొదలయ్యేది సరిగ్గా ఆ వయసులోనే. రొట్టెని నాలుగు ముక్కలు చేసి చేతికి ఇచ్చి చెప్పాల్సిన పాఠం స్క్రీన్ మీద జరిగిపోయింది. కాబట్టి పాపని తిట్టాల్సిన పని లేదు. ఎనిమిది దాకా 70లు వచ్చాయి కదా అంటారు. ఆ మార్కులు ఎలా వస్తాయో పైన ఎవరో చెప్పారు.

మీకు కావలసింది తొమ్మిదో తరగతి సిలబస్ పరుగెత్తించే మనిషి కాదు. ఆరు వారాలు ఆరో తరగతి, ఏడో తరగతి లెక్కలు సిగ్గుపడకుండా చెప్పే మనిషి. ఐఐటీ చదివినవాళ్ళు అక్కర్లేదు. ఎవరినైనా పెట్టుకునే ముందు ఈ కాగితం చూపించి, "ఎక్కడ మొదలుపెడతారు?" అని అడగండి. పాలినామియల్స్ నుంచి అన్నవాళ్ళకి కాఫీ ఇచ్చి పంపించేయండి.

వరంగల్_కోడలు
22 జులై 2025, రాత్రి 11:10

మాస్టారూ, మీ దగ్గర చదువుకోనందుకు ఇప్పుడు బాధైతుంది.

బీటెక్_మూడో_ఏడాది
23 జులై 2025, అర్ధరాత్రి 12:40

హనుమకొండలో చదువుతున్నాను, ఖర్చులకి ఇద్దరు పిల్లలకి ట్యూషన్ చెబుతున్నాను, గంటకి 250. మాలాంటి స్టూడెంట్స్‌ని పెట్టుకుంటే సగం ఖర్చులో అయిపోతుంది. కానీ నిజం చెప్పాలంటే మా సెమిస్టర్ పరీక్షలొస్తే రెండు వారాలు రాలేం. పైగా భిన్నాలు ఎందుకు అలా కలపాలి అని అడిగితే "రూల్ అంతే" అనేవాణ్ణి మొన్నటిదాకా. ఈ థ్రెడ్ చదివాక కొంచెం సిగ్గేసింది.

గచ్చిబౌలి_డాడ్
23 జులై 2025, ఉదయం 9:30

ఇంత టెన్షన్ ఎందుకండీ? వచ్చే ఏడాది పదిలో బేసిక్ మ్యాథ్స్ పెట్టిస్తే సరి. మా దగ్గర ఐబీ (ఇంటర్నేషనల్ సిలబస్) పిల్లలకి గంటకి 1,500 ఇస్తున్నాం, మీకు 667 అంటే చవకే.

కందిపొడి
23 జులై 2025, ఉదయం 10:15

చవకా? మీ ఇంటి అద్దె మా జీతం అనుకుంటా.

బేసిక్ సంగతి చెప్పాలి, చాలామంది పొరబడుతున్నారు. సీబీఎస్‌ఈ పదిలో స్టాండర్డ్ కోడ్ 041, బేసిక్ 241. రెండింటికీ సిలబస్ ఒకటే, పుస్తకం ఒకటే. పేపరు కష్టంలోనే తేడా. అంటే భిన్నాలు రాని పిల్లకి బేసిక్ కూడా కష్టమే. పైగా పదకొండులో మ్యాథ్స్ తీసుకోవాలనుకుంటే అప్పుడు స్కూలు చుట్టూ తిరగాలి. తొమ్మిదో తరగతి జులైలోనే ఆ తలుపు మూయడం ఎందుకు?

గచ్చిబౌలి_డాడ్
23 జులై 2025, ఉదయం 10:22

సిలబస్ కూడా తక్కువేమో అనుకున్నాను. థాంక్స్.

గోదారిగట్టు
23 జులై 2025, మధ్యాహ్నం 12:05

మాది రాజమండ్రి. ఒక్క మాట చెబుదామని. ఆడపిల్లకి ఇంట్లో ట్యూషన్ అంటే ఎవరు వచ్చినా హాల్లోనే కూర్చోబెట్టండి, తలుపు తీసి ఉంచి, పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్న టైములోనే. ఆధార్ కాపీ, అంతకు ముందు చెప్పిన ఒకటి రెండు ఇళ్ళ ఫోన్ నంబర్లు అడగడానికి మొహమాటపడొద్దు. మంచి మాస్టార్లు ఏమీ అనుకోరు, వాళ్ళూ అదే కోరుకుంటారు.

హోమ్‌ట్యూటర్_నాగోల్
23 జులై 2025, మధ్యాహ్నం 12:40

నిజం. గదిలో కూర్చోమంటే నేనే వద్దంటాను.

రెండు_జీతాలు
23 జులై 2025, మధ్యాహ్నం 1:15

మా ఇంట్లో ముందు మా ఆయనే చెబుతానన్నారు, డబ్బు మిగులుతుందని. మూడో రోజు స్కేలు విరిగింది, నాలుగో రోజు వాడు నాన్నతో మాట్లాడటం మానేశాడు. ఆ 6,500లో సగం ఇంట్లో శాంతికి కడుతున్నామనుకుంటాను.

మియాపూర్_అమ్మ
3 ఆగస్టు 2025, రాత్రి 9:10

అందరికీ థాంక్స్. ఏం చేశామో చెప్పాలి కదా.

బ్యూరో సారు డెమోకి వచ్చారు. మాస్టారు చెప్పినట్టు కాగితం ఇచ్చి ఎక్కడ మొదలుపెడతారు అని అడిగాను. ఒక్క నిమిషం చూసి, "ఇవన్నీ సిల్లీ మిస్టేక్స్ మేడమ్, ప్రాక్టీస్‌తో పోతాయి, నేను కో-ఆర్డినేట్ జామెట్రీ నుంచి స్టార్ట్ చేస్తా" అన్నారు. కాఫీ ఇచ్చి పంపించాం. ఆన్‌లైన్ ఆయన కాగితం ఫొటో పంపితే తెరిచి కూడా చూడలేదు, ఫీజు కట్టే లింకు పంపారు.

చివరికి మా వెనక కాలనీలో ఒక రిటైర్డ్ టీచరమ్మ దొరికారు, పాలు పోసే అబ్బాయి చెప్పాడు. ఆవిడ కాగితం చూసి నవ్వి, "ఆరో తరగతి పుస్తకం ఇంట్లో ఉందా?" అన్నారు. మేమే పాపని వాళ్ళ ఇంటికి పంపుతాం, వారానికి మూడు రోజులు. నెలకి 5,000, అడ్వాన్సు లేదు. 12 క్లాసుల లెక్క, క్లాసు జరగకపోతే పక్క నెలకి కలుపుతారు. ఒక్క షరతు పెట్టారు, ఆరు వారాలు స్కూలు హోంవర్కు తన దగ్గరికి తేకూడదు, మార్కుల గురించి నేను ఫోన్ చేయకూడదు. రెండోదే కష్టంగా ఉంది.

పాప మొదటివారం "నన్ను సిక్స్త్ క్లాస్‌లో కూర్చోబెట్టారు" అని ఏడ్చింది. మేడమ్ వాళ్ళింట్లో చపాతీ పిండితో భిన్నాలు చేయిస్తున్నారట.

లెక్కల_మాస్టారు
3 ఆగస్టు 2025, రాత్రి 9:44

ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి.

కందిపొడి
31 ఆగస్టు 2025, ఉదయం 11:20

థ్రెడ్ పైకి తెస్తున్నాను, సంబంధం ఉన్న సంగతే. విద్య ఖర్చుల మీద కేంద్ర గణాంకాల శాఖ సర్వే ఈ మధ్యే వచ్చింది. దేశంలో 27 శాతం మంది బడి పిల్లలు ప్రైవేటు కోచింగ్‌కి వెళ్తున్నారట, పట్టణాల్లో అయితే 30.7 శాతం. కోచింగ్ మీద పట్టణాల్లో ఒక్కో విద్యార్థికి ఏడాదికి సగటున 3,988 రూపాయలు, పల్లెల్లో 1,793. చూసి మొదట నవ్వొచ్చింది, మా ఇంట్లో అది ఒక్క నెల ఖర్చు. తర్వాత అర్థమైంది, అసలు ట్యూషన్‌కే వెళ్ళని పిల్లల్ని కూడా కలిపి తీసిన సగటు అది.

అన్నట్టు ట్యూషన్ ఫీజు చూపిస్తే 80సీ కింద పన్ను మినహాయింపు వస్తుందని మా ఆఫీసులో ఒకతను వాదించాడు. రాదు. అది స్కూలుకీ కాలేజీకీ కట్టే ట్యూషన్ ఫీజుకే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. పేరు ఒకటే కావడంతో వచ్చిన తిప్పలు.

ఈఎంఐ_బాధితుడు
31 ఆగస్టు 2025, మధ్యాహ్నం 12:02

నేను గత ఏడాది 62 వేలకీ చూపించి భంగపడ్డాను. నా ఖాతాలో ఇంకొకటి వేసుకోండి.

మియాపూర్_అమ్మ
9 అక్టోబరు 2025, రాత్రి 10:05

దసరా సెలవుల తర్వాత హాఫ్ ఇయర్లీ పేపర్లు ఇచ్చారు. 80కి 43. గొప్ప మార్కులేం కావు, నాకు తెలుసు. మా ఆయన నోరు తెరవబోతే నేనే కళ్ళతో ఆపాను.

ఈసారి పేపరు బ్యాగు అడుగున లేదు, సోఫా మీద పడేసి ఉంది. పాప తనంతట తనే మార్కులన్నీ మళ్ళీ కూడి, రెండో పేజీలో ఒక అర, ఒక ఒకటిన్నర లెక్కలోకి తీసుకోలేదని కనిపెట్టింది. అర ప్లస్ ఒకటిన్నర. మర్నాడు టీచర్ దగ్గరికి వెళ్ళి 45 చేయించుకుని వచ్చింది. స్కూల్లో టీచర్ని ఏదైనా అడగడం ఇదే మొదటిసారి.

మూడు నెలల్లో కట్టింది 15 వేలు. ఆగస్టులో పాపకి జ్వరం వచ్చి పోయిన మూడు క్లాసులు మేడమ్ సెలవుల్లో చెప్పేశారు.

వరంగల్_కోడలు
9 అక్టోబరు 2025, రాత్రి 10:31

సూపర్ అక్కా! మేము వచ్చే నెల చందానగర్‌కి మారుతున్నం. ఆ మేడమ్ దగ్గర మా బాబుకి చోటు ఉంటదేమో అడుగుతరా? ఏడో తరగతి.

మియాపూర్_అమ్మ
10 అక్టోబరు 2025, రాత్రి 8:50

అడిగాను చెల్లీ. సోమ, బుధ, శుక్ర నిండిపోయాయట. మంగళ, గురు, శని సాయంత్రం ఆరింటి స్లాట్ ఒక్కటి ఉంది. కొత్తవాళ్ళకి మాత్రం 5,500 చేశారు. నీకు మెసేజ్‌లో నంబరు పంపుతాను, బేరం నువ్వే ఆడుకో.